తెల్ల ట్రఫుల్, ఎండు పోర్చిని మన వంటలో ఎలా వాడాలి? (అమ్మావాళ్ళు వస్తున్నారు, హెల్ప్ కావాలి)

టొరినో_వంటిల్లు

అందరికీ నమస్తే అండి. మేం ఇటలీలో టొరినోలో ఉంటాం. నవంబర్లో రాజమండ్రి నుంచి అమ్మా నాన్నా వస్తున్నారు. ఆ టైంకి ఇక్కడికి దగ్గర్లో ఉన్న ఆల్బా ఊళ్ళో తెల్ల ట్రఫుల్ (నేల లోపల పెరిగే, బాగా ఖరీదైన పుట్టగొడుగు లాంటిది) సంత నడుస్తూ ఉంటుంది, ట్రైన్లో పొద్దున్న వెళ్ళి సాయంత్రానికి వచ్చేయొచ్చు కాబట్టి వాళ్ళని తీసుకెళ్ళి చిన్నదైనా ఒకటి కొని ఇంట్లో చేసిపెట్టాలని నా కోరిక, ఎందుకంటే ఇంత దూరం వచ్చి ఇక్కడి తిండి ఏదీ రుచి చూడకుండా మేం వండిన పప్పన్నం తిని వెళ్ళిపోతే నాకు అస్సలు మనసొప్పదు. రేటు చూస్తే 100 గ్రాములు మూడొందల యూరోల పైమాటే, మేం కొంటే గింటే ఓ 20 గ్రాములు కొంటాం. అందుకే చిటికెడు కూడా వేస్ట్ అవ్వకూడదు.

చిక్కులు ఏంటంటే, నాన్న గుడ్డు తింటారు, అమ్మ గుడ్డు కూడా ముట్టదు. పైగా అది కార్తీక మాసం, ఉల్లి వెల్లుల్లి అసలు ఉండకూడదు. ట్రఫుల్ వెల్లుల్లి వాసన వస్తుందని ఆఫీసులో ఇటాలియన్లు చెప్పారు, మరి అందులో నిజంగా వెల్లుల్లి లాంటిదేమైనా ఉంటుందా? ఇంట్లో ఎండు పోర్చిని (ఇక్కడి అడవి పుట్టగొడుగులు) ప్యాకెట్లు కూడా ఉన్నాయి. వాటితో పులావ్ చేసి ట్రఫుల్ కూడా అందులోనే వేసేస్తే రెండూ కలిసొస్తాయని నా ప్లాన్. ట్రఫుల్‌ని పోపులో వేయించాలా, ఉడికేటప్పుడు వెయ్యాలా, చివర్లో కలపాలా? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్.

---

లాంగే_లైన్‌కుక్

అక్కా నమస్తే, నేను ఆల్బా చుట్టుపక్కలే ఒక రెస్టారెంట్ కిచెన్‌లో పని చేస్తా, మాది తణుకు. సీజన్లో రోజూ చేతిలో ఉండే సరుకు కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తా, ఏమనుకోకండి.

ముందు ఒక్కటి మనసులో పెట్టుకోండి. తెల్ల ట్రఫుల్ అంటే వాసన. ఎండు పోర్చిని అంటే రుచి. ఈ రెండిటికీ వంట పూర్తిగా వేరే. పోర్చినికి నీళ్ళు కావాలి, టైం కావాలి, మంట కావాలి. తెల్ల ట్రఫుల్‌కి ఇవేవీ పడవు, మంట తగిలిందంటే కర్పూరంలా ఎగిరిపోద్ది, ఇంక గిన్నెలో మిగిలేది ఏ వాసనా లేని చెక్క ముక్కలే. కాబట్టి పోపులో వెయ్యడం, ఉడికించడం, పులావ్‌లో దమ్ పెట్టడం, ఇవన్నీ వద్దు. తినేవాళ్ళ ముందు వేడి వేడి ప్లేట్ పెట్టాక దాని మీద పచ్చిగా, కాగితం కంటే పల్చగా తరగాలి, అంతే. కింద వేడి ఉండాలి, కొవ్వు ఉండాలి. ఆ వాసన కొవ్వులో బాగా కరుగుతుంది, వేడికి పైకి లేస్తుంది. అందుకే ఇక్కడి వాళ్ళు తర తరాలుగా దీన్ని వేసేది వెన్న రాసిన తాయరిన్ మీద (గుడ్డు పచ్చసొనతో చేసే సన్నని పాస్తా), ఫొండూటా అనే కరిగించిన చీజ్ మీద, లేకపోతే ఫ్రై చేసిన గుడ్డు మీద. మీరు గమనిస్తే ఇందులో ఒక్కదానిక్కూడా సొంతంగా ఘాటు లేదు, మసాలా లేదు, పులుపు లేదు. ఇంగువ, ఆవాలు, కరివేపాకు నాకు ప్రాణం, కానీ ఆ ప్లేట్ దరిదాపుల్లోకి రానివ్వకండి.

వెల్లుల్లి సంగతి. ట్రఫుల్‌లో వెల్లుల్లి ఏమీ ఉండదు, అది నేల లోపల ఓక్, హేజెల్, పోప్లర్ లాంటి చెట్ల వేళ్ళని అంటిపెట్టుకుని పెరిగే శిలీంధ్రం, అంటే పుట్టగొడుగుల జాతే. వెల్లుల్లిలో లాగే ఇందులోనూ గంధకం ఉన్న వాసన పదార్థాలు ఉంటాయి కాబట్టి అలా అనిపిస్తుంది. కానీ కొన్ని ఇళ్ళల్లో కార్తీకంలో పుట్టగొడుగులు కూడా తినరు కదా, అమ్మగారిని ముందే ఫోన్లో అడిగేయండి, ఇక్కడికొచ్చాక సర్‌ప్రైజ్ చేస్తే ఆవిడ మొహమాటంతో ఇబ్బంది పడతారు.

ఇంకో ముఖ్యమైన సంగతి, ఇది చాలామందికి తట్టదు. పార్మిజానో చీజ్‌లో పాలు గడ్డకట్టడానికి దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్ వాడతారు, ఆ పేరు పెట్టాలంటే రూల్ ప్రకారం అదే వాడాలి. ఫొండూటా చేసే ఫొంతీనా చీజ్‌లో కూడా అంతే. అమ్మగారికి ఈ రెండూ పెట్టకండి. అలాగే సూపర్ మార్కెట్లో వెజిటబుల్ స్టాక్ క్యూబ్ అని దొరికేదాంట్లో ఉల్లిపాయ దాదాపు తప్పకుండా ఉంటుంది, లేబుల్ చదవండి.

మరి ఆవిడకి ఏం చెయ్యాలి అంటే నా ఓటు బంగాళాదుంపకి. మెత్తగా ఉడికించి, వేడి మీదే చిదిమి, పాలు, ఉప్పు లేని వెన్న ధారాళంగా వేసి, ఉప్పు సరిచూసి, పైన ట్రఫుల్. మా కిచెన్‌లో వెజిటేరియన్లు వస్తే ఇదే ఇస్తాం. లేదా మెత్తగా వండిన వేడన్నంలో వెన్న, ఉప్పు, పైన ట్రఫుల్. నెయ్యి వద్దా అంటారేమో, కాచిన నెయ్యికి దాని సొంత వాసన గట్టిగా ఉంటుంది, రెండూ కొట్టుకుంటాయి, ఇక్కడ మాత్రం పచ్చి వెన్నే మేలు. నాన్నగారికి రెండు గుడ్లు వెన్నలో సన్న మంట మీద, పచ్చసొన జారుగా ఉండగానే దించి దాని మీద. మనిషికి 8 నుంచి 10 గ్రాములు లెక్క, 20 గ్రాములంటే వాళ్ళిద్దరికీ దివ్యంగా సరిపోద్ది, మీకూ కాస్త వస్తుంది.

కొనేటప్పుడు: చేత్తో పట్టుకుంటే గట్టిగా ఉండాలి, నొక్కితే స్పాంజిలా లోపలికి పోకూడదు. ముక్కు దగ్గర పెట్టుకుని చూడండి, సంతలో అందరూ అదే చేస్తారు, ఎవరూ తప్పు పట్టరు. పెద్దవాటికి గ్రాము రేటు ఎక్కువ, చిన్నవి, విరిగిన ముక్కలు చవక, వాసనలో తేడా ఉండదు, ఇంట్లోకి అవే తీసుకోండి. మట్టి బాగా పట్టి ఉన్నది వద్దు, ఆ మట్టిక్కూడా డబ్బు కడతారు. తవ్వి తెచ్చేవాళ్ళని ఇక్కడ ట్రిఫులావ్ అంటారు, కుక్కని పెట్టుకుని రాత్రిళ్ళు తిరుగుతారు. పందులతో వెతకడం ఇటలీలో 1985 నుంచి బంద్, అవి వేళ్ళు పాడు చేసేస్తాయి. వాళ్ళ ఈ విద్యని 2021లో యునెస్కో వాళ్ళు వారసత్వ జాబితాలో కూడా చేర్చారు. నాన్నగారికి ఇవన్నీ చెప్పండి, ఆసక్తిగా వింటారు.

ఇంటికి తెచ్చాక కడగొద్దు. టిష్యూలో చుట్టి గాజు సీసాలో మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టి రోజూ టిష్యూ మార్చండి. అదే సీసాలో నాన్నగారి గుడ్లు పెంకుతోనే పెట్టేయండి, పెంకుకి కంటికి కనపడని రంధ్రాలు ఉంటాయి కాబట్టి రెండ్రోజుల్లో వాసన లోపలికి పట్టేస్తుంది. బియ్యంలో పాతిపెట్టమని చెప్తారు, వద్దు, బియ్యం తేమ లాగేసి దాన్ని ఎండగొట్టేస్తుంది. నాలుగైదు రోజుల్లో తినేయండి. వండే ముందు మెత్తని బ్రష్‌తో మట్టి దులిపి తడిగుడ్డతో తుడిస్తే చాలు.

---

టొరినో_వంటిల్లు

తమ్ముడూ నీకు ఎన్ని థ్యాంక్స్ చెప్పినా తక్కువే. రెన్నెట్ సంగతి నాకు నిజంగా తెలీదు. మరి పోర్చిని? దానికి మాత్రం పోపు పెట్టొచ్చా?

---

చారుప్రియ_డాలస్

మేం అమెరికాలో ట్రఫుల్ ఆయిల్ వాడతాం అండి, చిన్న బాటిల్ పదిహేను డాలర్లు, పాప్‌కార్న్ మీద, కాల్చిన ఆలుగడ్డల మీద సూపర్‌గా ఉంటుంది, పిల్లలు అదే అడుగుతారు. అంత డబ్బు పెట్టి ముక్క కొనే బదులు ఆయిల్ కొంటే నెలల తరబడి వస్తుంది కదా, వాసన అదే కదా?

---

లాంగే_లైన్‌కుక్

@చారుప్రియ_డాలస్ అండి, వాసన అదే కాదండి. ఆ నూనెల్లో చాలావాటిలో ట్రఫుల్ ఉండదు, 2,4-డైథయాపెంటేన్ అనే ఒకే ఒక్క పదార్థాన్ని ల్యాబ్‌లో తయారుచేసి నూనెలో కలుపుతారు. తెల్ల ట్రఫుల్‌లో అది ముఖ్యమైన వాసనే, అబద్ధం కాదు, కానీ అసలు దాంట్లో దానితోపాటు ఇంకా ఎన్నో ఉంటాయి, అవన్నీ కలిస్తేనే ఆ లోతు. లేబుల్ మీద అరోమా అనో ఫ్లేవర్ అనో ఉంటే అదే. అందులో తేలే చిన్న ముక్క కూడా మామూలుగా వేసవి ట్రఫుల్ ముక్క, దానికి పెద్ద వాసన ఉండదు. మీ పిల్లలకి నచ్చితే శుభ్రంగా వాడుకోండి, హాని ఏం లేదు. కానీ ఆల్బా దాకా వచ్చిన పెద్దవాళ్ళకి అది పెట్టడానికి నేను మాత్రం ఒప్పుకోను.

@టొరినో_వంటిల్లు అక్కా, పోర్చినికి నిరభ్యంతరంగా పోపు పెట్టండి, అది తట్టుకుంటుంది. పద్ధతి చెప్తా. నలుగురికి 25, 30 గ్రాములు ఎండువి చాలు. గోరువెచ్చని నీళ్ళలో ఓ అరగంట నానబెట్టండి. తర్వాత గిన్నె వంచి నీళ్ళు పారబోయకుండా ముక్కల్ని చేత్తో పైకి తీసేయండి, ఇసుక అడుగున ఉండిపోతుంది. ఆ నీళ్ళని పల్చటి గుడ్డలోనో కాఫీ ఫిల్టర్‌లోనో వడకట్టండి. ఆ గోధుమరంగు నీళ్ళే అసలు ఆస్తి, ముక్కల్లో ఉన్న రుచి చాలావరకు అందులోకి దిగిపోతుంది. పులావ్‌కి ఎసరు నీళ్ళ బదులు అవే పొయ్యండి, స్టాక్ క్యూబ్ అవసరమే లేదు. వెన్నలో బిర్యానీ ఆకు, నాలుగు మిరియాలు, ముక్కలు వేయించి, బియ్యం వేసి, ఆ నీళ్ళు. గరం మసాలా, పుదీనా వెయ్యకపోతేనే దాని రుచి మీకు తెలుస్తుంది. మీరున్న ప్రాంతంలోనే వెర్చెల్లి, నొవారా దగ్గర బియ్యం పండుతుంది, ఆ కార్నరోలి బియ్యంతో రిసొట్టో చేసి చివర్లో చీజ్ లేకుండా వెన్న ఒక్కటే కలిపినా అమ్మగారికి నచ్చుతుంది, మన పొంగలి తిన్నవాళ్ళకి ఆ ముద్దదనం కొత్తేం కాదు.

కానీ ఆ పోర్చిని పులావ్ మీద ట్రఫుల్ మాత్రం వెయ్యకండి. పోర్చిని వాసన గట్టిది, దాన్ని తొక్కేస్తుంది. ఒక పూట అది, ఇంకో పూట ఇది.

ప్యాకెట్ కొనేటప్పుడు దాని మీద ఎక్స్‌ట్రా, స్పెచాలి, కొమ్మెర్చాలి అని గ్రేడు ఉంటుంది. ఎక్స్‌ట్రా అంటే పెద్ద పెద్ద లేత రంగు స్లైసులు. పొడి కొట్టుకోవడానికి, చారులోకి అయితే కొమ్మెర్చాలి చాలు, దండగ ఖర్చు వద్దు. 'ఫుంగి మిస్తి' అని ఉంటే అది కలగలుపు, అందులో పోర్చిని కొంచెమే ఉంటుంది.

---

కువైట్_వంటమాస్టర్

అన్నా మాది రాయచోటి, కువైట్‌లో ఒక ఇంట్లో వంట చేస్తాండా. మీరు చెప్పే ట్రఫుల్ వేరే అనుకుంటా గానీ ఈడ ఎడారిలో కూడా ట్రఫుల్ దొరుకుతాది, ఫగా అంటారు. అక్టోబర్ నుంచి డిసెంబర్ మొదటి వారాల దాకా వస్మ్ అని ఒక కాలం ఉంది, ఆ టయానికి వాన బాగా పడితే జనవరి నుంచి మార్చి దాకా దొరుకుతాయి, వాన పడకపోతే ఆ ఏడు మంచి సరుకు రాదు, రేటు మండిపోతాది. తెల్లగా ఉండేది జుబైది, ఎర్రగా ఉండేది ఖలాసి. జుబైదికే గిరాకీ.

దీనికి మీరు చెప్పినంత వాసన ఉండదన్నా, తింటే మెత్తగా ఉడికిన ఆలుగడ్డ, పుట్టగొడుగు రెండూ కలిసినట్టు ఉంటాది. అందుకని దీన్ని పచ్చిగా తురమరు, బాగా ఉడకబెడతారు. అసలు పని అంతా ఇసుక తీయడంలోనే ఉంది. నీళ్ళలో నానేసి, బ్రష్‌తో రుద్ది, తొక్క తీసి, మళ్ళీ కోసి కడగాల, ఒక్క రేణువు మిగిలినా పంటి కింద పడి తినేవాళ్ళు లేచిపోతారు. ఉడకబెట్టిన నీళ్ళు పారబోయకుండా అన్నానికి వాడతా. ఉల్లిపాయ నెయ్యిలో వేయించి, మిరియాలపొడి, ఎండు నిమ్మకాయ, బియ్యం. మా మేడంవాళ్ళు పొలావ్ లాగా చేయించుకుంటారు. మన కారం వేసి కూర చేసి మా రూం వాళ్ళకి పెట్టినా, బాగుంటాది, మసాలా పడుతుంది దీనికి. గల్ఫ్‌లో ఉండే మనోళ్ళు ఇటలీ దానికోసం చూడకుండా ఫిబ్రవరిలో ఇది కొనుక్కోండి.

---

భద్రాద్రి_అడవిబాట

కువైట్ అన్న చెప్పింది చదివితే మా దిక్కు బోడా అనే అడవి పుట్టగొడుగు యాదికొచ్చింది. మాది భద్రాచలం, చుట్టాలు సుక్మా దిక్కు ఉంటరు. బస్తర్ అడవిల గుగ్గిలం చెట్ల కింద, అదే సాల్ చెట్లు, తొలకరి వాన పడి ఉక్కపోసినప్పుడు నేలల చిన్న చిన్న గోలీల లెక్క బోడా దొరుకుతది. అడవిల ఉండే ఆడవాళ్ళు పొద్దుగాల పోయి నేల గీరి ఏరుకొస్తరు. జగ్దల్‌పూర్ మార్కెట్ల కొత్తగా వచ్చినప్పుడు మటన్ కంటే ఎక్కువ రేటు ఉంటది. జార్ఖండ్‌ల దీన్నే రుగ్డా అంటరు. ఇది అసలు ట్రఫుల్ కాదు, జాతి వేరే, కానీ అది గూడ చెట్టు వేళ్ళని పట్టుకొనే పెరుగుతది, అందుకే తోటల పెంచుడు కుదరదు, అడవి ఉంటేనే అది ఉంటది.

వండుడు సింపులే. మట్టి పోయేదాకా మస్తు సార్లు కడగాలె. ఒకటి కొరికి చూడాలె, లోపట తెల్లగ ఉంటే లేతది, నల్లగ పొడి లెక్క అయితే ముదిరింది, పారెయ్యాలె. ఉల్లిగడ్డ, టమాట, అల్లంవెల్లిగడ్డ ఏసి మటన్ కూర లెక్కనే చేస్తరు, పైన పెంకు కటుక్కుమంటది లోపట మెత్తగ ఉంటది. ఒక్క మాట మాత్రం గట్టిగ చెప్తున్న, అచ్చం గట్లనే కనపడే విషపు గడ్డలు గూడ నేలల ఉంటయి. తెలిసిన ఆదివాసీ వాళ్ళ దగ్గర కొనుక్కోవాలె గని మనమే పోయి తవ్వుకొని తినొద్దు.

---

గుచ్చీ_ఫ్యాన్_హైదరాబాద్

మంచి థ్రెడ్. మన దేశంలో ఎండు పుట్టగొడుగు అంటే గుచ్చీ కదా, కశ్మీర్, హిమాచల్ కొండల్లో వసంతంలో దొరికేది, అక్కడివాళ్ళు ఏరి దారానికి గుచ్చి ఆరబెడతారు. కిలో వేలల్లో ఉంటుంది కానీ 20 గ్రాములు తెచ్చుకుంటే ఇంటిల్లిపాదికీ పులావ్ అవుతుంది. ఇది తేనెతుట్టె లాగా గుంతలు గుంతలుగా ఉంటుంది, లోపల బోలు, ఆ గుంతల్లో ఇసుక, పురుగులు దాక్కుంటాయి. గోరువెచ్చని నీళ్ళలో నానాక నిలువుగా రెండుగా చీరి లోపల చూసి కడగండి, తొందరపడొద్దు.

ఇంకో సంగతి, ఇది ప్రాణాలకి సంబంధించింది. గుచ్చీని పచ్చిగా, సగం ఉడికీ ఉడక్కుండా ఎప్పుడూ తినకూడదు. 2023లో అమెరికాలో మోంటానా రాష్ట్రంలో ఒక రెస్టారెంట్లో సరిగా ఉడకని ఈ రకం పుట్టగొడుగులు తిని 51 మంది జబ్బుపడ్డారు, ఇద్దరు చనిపోయారు. ట్రఫుల్ పచ్చిగా తింటారు కదా అని అన్నిటినీ అలాగే అనుకోవద్దు. షిటాకే అనే జపాన్ వంటల పుట్టగొడుగు కూడా సరిగా ఉడక్కుండా తింటే కొంతమందికి ఒళ్ళంతా కొరడాతో కొట్టినట్టు ఎర్రటి చారలు వస్తాయి.

---

చారుప్రియ_డాలస్

షిటాకే మాటొచ్చింది కాబట్టి నా పేరుకి తగ్గది ఒకటి చెప్తా అండి. మా ఇంట్లో చారుకి ఎండు షిటాకే వాడతాను. రాత్రి చల్లటి నీళ్ళలో వేసి ఫ్రిజ్‌లో పెట్టేస్తా, పొద్దున్న ఆ నీళ్ళతో టమాటా చారు. వేడి నీళ్ళలో గబగబా నానబెడితే అంత రుచి రాదు, చల్లగా నాని తర్వాత పొయ్యి మీద వేడెక్కేటప్పుడు అందులో గ్వానిలేట్ అనే రుచినిచ్చే పదార్థం తయారవుతుంది. టమాటాలో గ్లూటమేట్ అని అలాంటిదే ఇంకోటి ఉంటుంది. ఈ రెండూ కలిస్తే విడివిడిగా ఉన్నదానికన్నా ఎన్నో రెట్లు కమ్మగా అనిపిస్తుంది, జపాన్‌వాళ్ళు దీన్ని ఉమామి అంటారు, ఇకెడా అనే సైంటిస్టు 1908లో గ్లూటమేట్ సంగతి కనిపెట్టారు, షిటాకేలో గ్వానిలేట్ సంగతి తర్వాత ఇంకొకరు తేల్చారు. ఉల్లి వెల్లుల్లి లేకుండా చారుకి నిండుదనం రావాలంటే కార్తీకంలో ఇంతకంటే మంచి దారి నాకు కనపడలేదు. కాడలు గట్టిగా ఉంటాయి, నమలలేం, అవి చారులో మరిగించి తీసేయండి, టోపీలు సన్నగా తరిగి కూరలో వేసుకోండి.

---

మెల్‌బోర్న్_మామయ్య

ఆస్ట్రేలియాలో ఉన్న తెలుగువాళ్ళకి ఒక మాట. ఇక్కడ నల్ల ట్రఫుల్ జూన్ నుంచి ఆగస్టు దాకా తాజాగా దొరుకుతుంది, యూరప్‌లో లేని టైంలో. తాస్మానియాలో 1999లో మొదటిది తవ్వారు, ఇప్పుడు పశ్చిమాన మంజిమప్‌లో తోటలకి తోటలే ఉన్నాయి. మేము వెన్నలో తురిమి కలిపి ఒక పూట ఫ్రిజ్‌లో ఉంచి వేడి దోసె మీద రాస్తాం, మా పిల్లలు చట్నీ కూడా అడగరు. లైన్‌కుక్ బాబూ, నల్లదాన్ని కూడా అసలు వేడి చెయ్యకూడదా?

---

లాంగే_లైన్‌కుక్

మామయ్యగారూ, శీతాకాలపు నల్లది, టూబర్ మెలనోస్పోరమ్, కొంచెం వేడి తట్టుకుంటుంది, ఇంకా చెప్పాలంటే సన్నని వేడికి బాగా విచ్చుకుంటుంది కూడా. వెన్నలో గోరువెచ్చగా చేసుకోవచ్చు, సాస్‌లో చివర్లో వేసుకోవచ్చు, మరగనివ్వకూడదంతే. చూడ్డానికి అచ్చం అలాగే ఉండే చైనా ట్రఫుల్ ఒకటి ఉంది, టూబర్ ఇండికమ్, దానికి వాసన బాగా తక్కువ. నల్లది కొనేటప్పుడు లేబుల్ మీద లాటిన్ పేరు చూసుకోండి.

---

టొరినో_వంటిల్లు

అమ్మకి ఫోన్ చేశా. పుట్టగొడుగులు కార్తీక సోమవారాలు తప్ప మిగతా రోజుల్లో తింటానంది, వెల్లుల్లి కాదని తేలాక సరే తెమ్మంది. శనివారం సంతకెళ్ళి, ఆదివారం మధ్యాహ్నం బంగాళాదుంప మీదా, నాన్నకి గుడ్డు మీదా ట్రఫుల్. మంగళవారం పోర్చిని పులావ్, చారుప్రియ గారి షిటాకే చారు. అలాంటప్పుడు గుడ్లకి వాసన పట్టడానికి ఒక్క రాత్రే ఉంటుంది, సరిపోద్దా? స్లైసర్ లేదు నా దగ్గర, పీలర్‌తో అవుతుందా?

---

లాంగే_లైన్‌కుక్

ఒక్క రాత్రికి కొంచెమే పడుతుంది అక్కా, ఫర్వాలేదు, పైన ఎలాగూ తాజాది తరుగుతారు. పీలర్‌తో మందంగా వస్తుంది, సంతలోనే చిన్న ట్రఫుల్ కట్టర్ దొరుకుతుంది, బ్లేడు స్క్రూతో అడ్జస్ట్ చేసుకోవచ్చు, కొనేయండి, తర్వాత వెల్లుల్లికీ చాక్లెట్‌కీ పనికొస్తుంది. కాకరకాయ చిప్స్ కోసే స్లైసర్ ఉంటే అన్నిటికంటే సన్న సెట్టింగ్‌లో అదైనా ఓకే. బంగాళాదుంప ప్లేట్లు ముందుగా వేడి నీళ్ళతో కడిగి తుడిచి పెట్టండి, చల్లటి ప్లేట్ మీద వాసన లేవదు. తరగడం టేబుల్ దగ్గరే చెయ్యండి, కిచెన్‌లో చేసి తెస్తే సగం వాసన మీకే దక్కుతుంది. చివర్లో గోరంత ముక్క, పొట్టు మిగిలితే సన్నగా తరిగి మెత్తటి వెన్నలో కలిపి చిన్న డబ్బాలో ఫ్రీజర్లో పెట్టుకోండి, అమ్మావాళ్ళు వెళ్ళే లోపు ఇంకో పూట వేడి పాస్తాలోకి వస్తుంది.